పేషెంట్ చేసుకోగలిగినా ఇంటివాళ్లు చేయనివ్వట్లేదు, ఫిజియోగా నేనేం చేయాలి?

ఉప్పల్ ఫిజియో:

నమస్తే అందరికీ. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) అయ్యాక రెండేళ్లు ఆసుపత్రిలో చేసి, ఇప్పుడు రామంతాపూర్, హబ్సిగూడ, ఉప్పల్ వైపు ఇళ్లకి తిరుగుతున్నాను. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ఒక పెద్దాయన ఉన్నారు. 64 ఏళ్లు, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మాట కూడా దెబ్బతింది. మనం చెప్పింది అంతా అర్థమవుతుంది, తిరిగి చెప్పబోతేనే మాట దొరకదు, 'అది... అది...' అంటూ ఆగిపోతారు. కాలు మాత్రం బాగానే వచ్చింది. నాలుగు కాళ్ల కర్ర పట్టుకుని హాల్లోంచి వరండా దాకా నడుస్తారు, నేను పక్కన ఊరికే నిలబడతాను. మంచం మీంచి తనంతట తనే లేస్తారు. ఇదంతా నేనున్న నలభై నిమిషాల్లోనే.

నేను చెప్పులేసుకోగానే మళ్లీ మంచం. అమ్మగారు అన్నం కలిపి ముద్దలు పెడతారు, ఆయా చొక్కా తొడుగుతుంది, కొడుకు బాత్రూమ్‌కి దాదాపు ఎత్తుకునే తీసుకెళ్తాడు (ఆ కుడి చేయి పట్టుకుని లాగొద్దు, భుజం జారుతుంది అని వందసార్లు చెప్పి ఉంటాను). మొన్న నీళ్ల గ్లాసు ఆయన ఎడమ చేతికి అందే దూరంలో పెట్టి, మీరే తీసుకోండి సార్ అన్నాను. చేయి చాపారు. సగం దూరం వెళ్లింది, ఈలోపు అమ్మగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి గ్లాసు తీసి నోటికి పెట్టేశారు. 'దాహమేస్తుంటే ఈ ఆటలేంటి నాయనా' అని నన్నే అన్నారు. పెద్దాయన నా వైపు చూసి కొంచెం నవ్వారు. రెండు రోజులు ఆ నవ్వు నా బుర్రలోంచి పోలేదు.

కొడుకుది ఇంకో లెక్క. 'మీకు డబ్బులిచ్చేది మీరు చేస్తారని కదా బ్రో, నాన్న చేతే చేయించేదానికి మీరెందుకు?' అంటాడు. కొడుకు లెక్కలో నేను నాన్నకి మసాజ్ చేయాలి, కరెంటు మిషన్ పెట్టాలి, అప్పుడు డబ్బులకి తగ్గ పని జరిగినట్టు. నెల కిందట డాక్టర్ దగ్గరికి చూపించడానికి వెళ్తే నేనూ వెళ్లాను. నిద్ర పడుతోందా, తింటున్నారా, మోషన్ అవుతోందా, అన్నీ కొడుకునే అడిగారు. పెద్దాయన మధ్యలో ఏదో చెప్పబోయారు, ఎవరూ ఆగలేదు. ఫోను, ఏటీఎం కార్డు కూడా కొడుకు దగ్గరే ఉన్నాయి. దొంగతనం ఏమీ కాదు, 'నాన్నకి టెన్షన్ ఎందుకు' అని.

ఆయన రోజూ వరండాలో నిలబడి చేత్తో సందు చివర చూపిస్తారు. అక్కడ ఇరానీ హోటల్ ఉంది.

ఇప్పుడు నా డౌట్లు. ఇంటివాళ్లని ఎలా ఒప్పించాలి? ఒప్పించాక పడిపోతే ఎవరిది బాధ్యత? కార్డు, ఫోను లాంటివి నేను మాట్లాడొచ్చా, లేక అది నా హద్దు దాటడమా?

ఓటీ అక్క, మలక్‌పేట్:

తమ్ముడూ, నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని (ఓటీ), రోజువారీ పనులు మళ్లీ సొంతంగా చేసుకోవడం నేర్పిస్తాను, పొద్దున లేచిన దగ్గర్నుంచి నాకు ఇదే పని. ముందు ఒక ప్రశ్న. ఆయనకి ఏం కావాలో మీరైనా అడిగారా? మీ పోస్టులో గ్లాసు ఉంది, చొక్కా ఉంది, నడక ఉంది. ఆయన నోటితో కాకపోయినా చేత్తో చెప్పింది ఒక్కటే, ఇరానీ హోటల్. అక్కడి నుంచి వెనక్కి రండి. హోటల్‌కి వెళ్లాలంటే ప్యాంటు వేసుకోవాలి, గడప దాటాలి, సందులో బండి వస్తే పక్కకి తప్పుకోవాలి, కప్పు ఎడమ చేత్తో పట్టుకోవాలి, డబ్బులివ్వాలి. మీ ఎక్సర్‌సైజులన్నీ అందులోనే ఉన్నాయి. 'మోకాలు ఇరవై సార్లు వంచండి' అంటే ఏ పెద్దాయనకైనా విసుగే.

తిండి సంగతి. మన దగ్గర కుడి చేయి పడిపోయినవాళ్లు తినకపోవడానికి సగం కారణం చేతకాకపోవడం కాదు, ఎడమ చేత్తో తినాలంటే సిగ్గు. నా పేషెంట్ ఒకాయన మూడు నెలలు భార్య చేత తినిపించుకున్నాడు, కారణం అడిగితే ఎడమ చేయి చూపించి తల అడ్డంగా ఊపాడు. స్పూను ఇచ్చాం, దాని పిడికి పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టాం, లావుగా ఉంటే పట్టు జారదు. అంచు ఎత్తుగా ఉన్న కంచం, కింద తడిగుడ్డ, అప్పుడు కంచం టేబుల్ మీద పరుగెత్తదు. మొదటి రోజే చారన్నం పెట్టకండి, ఇడ్లీతో మొదలుపెట్టండి, తర్వాత గట్టి పప్పన్నం. మొదటి వారం ఎవరూ ఎదురుగా కూర్చోవద్దు. కుడి చేయిని టేబుల్ మీదే ఉంచి కంచం అంచుకి ఆనించండి, పని చేయకపోయినా కాపలా ఉంటుంది. ఊరికే ఒళ్లో పడేసిన చేయిని మెదడు మెల్లగా మర్చిపోతుంది, ఇది మీకు తెలిసిందే.

చొక్కా: పడిపోయిన చేయి ముందు తొడగాలి, విప్పేటప్పుడు ఆ చేయి చివర. పైన రెండు గుండీలు తప్ప మిగతావి ముందే పెట్టి ఉంచితే చాలు. లేదా వెల్క్రో కుట్టించండి, మన టైలర్లు ఐదు నిమిషాల్లో కుట్టేస్తారు.

ఇంటివాళ్లకి నేను చెప్పేది ఒక వరస. ముందు ఆగండి. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి. అప్పటికీ కాకపోతే మాటతో చెప్పండి, తర్వాత చేసి చూపించండి, చేయి వేయడం అన్నిటికన్నా చివర. ఆ ఇరవై లెక్కపెట్టడమే కష్టం, నేను కూడా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను, లేకపోతే వాటంతటవే ముందుకి వెళ్లిపోతాయి.

ఇంకోటి. ఎఫ్ఐఎం స్కేలు కాలేజీలో చదివే ఉంటారు, మనిషి తన పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలడో కొలిచేది, 18 పనులు, ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు. అందులో 6 చూడండి. కర్ర పట్టుకున్నా, ఎక్కువ టైమ్ పట్టినా, ఇంకో మనిషి అవసరం లేకపోతే 6. అంటే అదీ స్వతంత్రమే. చాలా ఇళ్లలో 'పాతలా చేస్తేనే చేసినట్టు' అనుకుంటారు. నాలుగు పనులు తీసుకుని తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించండి, వారానికోసారి అమ్మగారి చేతే మార్కులు వేయించండి. మార్కులు వేసే మనిషి ముద్దలు పెట్టడం తగ్గిస్తుంది, చూశాను.

నాన్నకూతురు:

నేను అవతలి పక్షం. మా నాన్నకి రెండేళ్ల కిందట ఇదే వచ్చింది, ఎడమ వైపు. కోపం తెచ్చుకోకుండా వినండి.

పొద్దున ఎనిమిదిన్నరకి నా క్యాబ్ వస్తుంది. ఎక్కకపోతే హైటెక్ సిటీ దాకా నా డబ్బులే. పిల్లాడి స్కూల్ బస్సు ఎనిమిదింటికి. నాన్న చొక్కా తనే వేసుకుంటే ఇరవై నిమిషాలు, నేను తొడిగితే నిమిషం. ఫిజియో గారేమో వచ్చి 'మీరే ఆయన్ని పాడు చేస్తున్నారు' అన్నారు. ఆ రోజు బాత్రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. తప్పు చేస్తున్నానని నాకు తెలుసు, కానీ తెలిసి ఏం చేయను?

తర్వాత ఇంకో అమ్మాయి వచ్చింది. ఆమె అడిగిన మొదటి మాట 'మీ ఇంట్లో ఏ టైములో హడావుడి ఉండదు?' అని. సాయంత్రం ఆరు తర్వాత అన్నాను. అయితే పొద్దున మీరే తొడగండి, సాయంత్రం లుంగీ, బనీను ఆయన మార్చుకుంటారు, టీవీలో వార్తలు అయిపోయేదాకా పట్టినా పర్లేదు అంది. అంతే. ఒక్క పని. నెల తర్వాత ఆదివారాలు పొద్దున కూడా తనే వేసుకోవడం మొదలైంది.

డిశ్చార్జ్ రోజు మాకు ఒక లావుపాటి ఫైలు, మందుల లిస్టు, బిల్లు ఇచ్చారు. నాన్నని కుర్చీలోంచి ఎలా లేపాలో ఒక్కసారైనా నా చేత చేయించి చూడలేదు. నాకు తెలిసిన పద్ధతి ఒకటే, చంటిపిల్లాడిని ఎత్తుకున్నట్టు ఎత్తుకోవడం. మరి ఇంటికొచ్చి అదే చేస్తాం కదా.

ఆయా గురించి కూడా ఆలోచించండి. పన్నెండు గంటల డ్యూటీ, ఏజెన్సీ నుంచి వచ్చే మనిషి. పెద్దాయన చొక్కా తనే వేసుకుంటుంటే ఆమె పక్కన నిలబడి చూస్తుంటుంది, అప్పుడే కోడలో కొడుకో వచ్చి చూస్తే? 'ఊరికే నిలబడ్డావేంటి' అంటారు. ఆమె ఉద్యోగం ఆమెకి ముఖ్యం. మేం ఆమెకి స్పష్టంగా చెప్పాం, నీ పని చేసిపెట్టడం కాదు, దగ్గరుండి చేయించడం, టైమ్ ఎక్కువ పట్టినా నిన్నేమీ అనం అని. అది ఇంటివాళ్ల నోటితో, ఆమె ముందు చెప్పించండి. మీరు చెబితే వినదు.

జనరల్ ఫిజీషియన్, ఇరవై ఏళ్ల ఓపీ:

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి కొంచెం అడ్డం తగులుతాను. పక్షవాతం వచ్చినవాళ్లు చాలామంది రక్తం పలచబడే మందుల మీద ఉంటారు. పడి తలకి దెబ్బ తగిలితే రాత్రి రెండింటికి ఫోన్ వచ్చేది నాకు. 'ఆయన్ని వదిలేయండి, చేసుకుంటారు' అనే ముందు కొన్ని చూసుకోండి. పడుకోబెట్టి బీపీ చూడండి, నిలబెట్టాక మూడు నిమిషాల లోపు మళ్లీ చూడండి. పైది 20 తగ్గితే ముందు ఆయన డాక్టర్‌కి చెప్పండి, మందులు మార్చాలేమో. తను తినే ముందు మింగడం సరిగ్గా ఉందో లేదో ఎవరైనా చూశారా? నీళ్లు తాగాక దగ్గు, గొంతులో గరగర వస్తుంటే తిండి విషయంలో తొందరపడొద్దు. చూపు ఒక పక్క పోయిందేమో కూడా చూడండి, అది ఉంటే సందులో బండి కనపడదు. ఇవన్నీ సరిగ్గా ఉంటే నాకేం అభ్యంతరం లేదు.

పడటం అంటారా, మంచంలోనే ఉంచినా పడతారు. కండ కరిగిపోయి, ఒకరోజు రాత్రి ఎవరినీ లేపకూడదని తనే లేచి పడతారు. నా అనుభవంలో అవే చెడ్డ దెబ్బలు. బాత్రూమ్ తడి, గడప ఎత్తు, రాత్రి లైటు, వెనక్కి తిరిగే చోటు, ఈ నాలుగూ చూడండి. బాత్రూమ్ గడియ లోపల్నుంచి పెట్టుకోవద్దని చెప్పండి, తలుపు మాత్రం వేసుకోనివ్వండి. 64 ఏళ్ల మనిషి.

బాధ్యత అడిగారు. మీరు ఏం చూశారు, ఎవరికి ఏం నేర్పారు, ఏం ఒప్పుకున్నారు, తేదీ వేసి రెండు లైన్లు రాసి పెట్టుకోండి, ఇంటివాళ్లకీ ఫోటో పంపండి. నాలుగ్గోడల మధ్య 'జాగ్రత్త' అని పది సార్లు అనడం కంటే అది నయం.

కొడుకునే అడిగిన డాక్టర్ గురించి రాశారు. నిజం చెప్పాలంటే నేనూ అదే చేస్తాను. బయట నలభై మంది కూర్చుని ఉంటారు, పెద్దాయన 'అది... అది...' అంటే నా చేయి గడియారం వైపు పోతుంది. కానీ చట్టం ఏమంటుందో తెలుసుకోండి. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. పేషెంట్ మత్తులో ఉండగా తల్లిని అడిగి ఆపరేషన్ చేశారు, ప్రాణం మీదికి వచ్చిన ఎమర్జెన్సీ కాదు. వయసొచ్చిన, తెలివి ఉన్న మనిషి విషయంలో తల్లి సమ్మతి చెల్లదు అంది కోర్టు. మన ఓపీల్లో రోజూ కొడుకుల సమ్మతే నడుస్తోంది. మాట రానంత మాత్రాన మతి పోయినట్టు కాదు, ఇది మాకే గుర్తు చేయాలి. ఈసారి వెళ్లేటప్పుడు మీరు రెండు మాటలు చీటీ మీద రాసివ్వండి: 'ఈయనకి అంతా అర్థమవుతుంది. అవును, కాదు అని చెప్పగలరు.' నాకలాంటి చీటీ ఇస్తే నేను ఆయన్నే అడుగుతాను, అంత సిగ్గు నాకూ ఉంది.

ఉప్పల్ ఫిజియో:

సార్, చీటీ ఐడియా బాగుంది. బీపీ చూశాను, తేడా పెద్దగా లేదు. మింగడం ఆసుపత్రిలోనే చూశారట. అక్కా, నిజమే, ఆయన్ని నేనూ అడగలేదు. సిగ్గుగా ఉంది. ఎలా అడగాలి, మాట రాని మనిషిని?

ఓటీ అక్క, మలక్‌పేట్:

ఒకసారికి ఒకే ప్రశ్న. 'టీ తాగుతారా, నడుస్తారా, టీవీ చూస్తారా' అని గుక్క తిప్పుకోకుండా అడిగితే ఎవరూ చెప్పలేరు. బొమ్మలు, ఫోన్లో ఫోటోలు చూపించండి. ఆయన మాట మీరు పూర్తి చేయొద్దు, ఆగండి. ఒక విచిత్రం చెప్పనా, అలవాటైపోయిన మాటలు చాలామందికి నోట్లో నిలబడి ఉంటాయి. అంకెలు, వారాల పేర్లు, దేవుడి శ్లోకం. కండక్టరు కదా, బస్సు స్టేజీల పేర్లు అందించి చూడండి.

చక్రాల కుర్చీ, బోడుప్పల్:

ఇంతసేపూ థెరపిస్టులు, డాక్టర్లు, కూతుళ్లు మాట్లాడారు. పేషెంట్‌ని నేను ఒక్కడినే వచ్చినట్టున్నాను. 2011లో బండి మీంచి పడి వెన్నెముక విరిగింది, నడుము కింద నుంచి లేదు.

ఆసుపత్రిలో నాకు బాగా గుర్తున్నది ఒక సిస్టర్. మూత్రానికి నాలుగు నుంచి ఆరు గంటలకోసారి ట్యూబు పెట్టుకోవాలి. అందరూ మా అమ్మకి నేర్పుతున్నారు. నాకప్పుడు 26 ఏళ్లు, మా అమ్మ ముందు పడుకుని గోడ వైపు చూసేవాణ్ని. ఆ సిస్టర్ ఒకరోజు అమ్మని టీ తాగి రమ్మని పంపించి, తలుపేసి, ట్యూబు నా చేతికిచ్చింది. రెండుసార్లు తప్పు చేశాను, ఆమె చేయి కదపలేదు. చేతులు కడుక్కో, మళ్లీ చెయ్ అంది. మూడోసారి అయ్యింది. నేను మళ్లీ ఉద్యోగానికి వెళ్లగలిగానంటే ఆ మధ్యాహ్నం వల్లే, ఫిజియో వల్ల కాదు, సారీ బ్రో. అలాగే చిన్న అద్దం ఒకటి ఇచ్చింది, రోజూ రాత్రి వీపు కింద, పిర్రల మీద చర్మం ఎర్రబడిందేమో నేనే చూసుకుంటాను. ఇన్నేళ్లలో పుండు పడింది ఒక్కసారే, అది కూడా పెళ్లి హడావుడిలో అద్దం ఊళ్లో మర్చిపోయినప్పుడు.

కానీ మీకు ఇంకో మాట చెప్పాలి. నేను స్నానం నా అంతట నేను చేసుకోగలను. చేసుకుంటే గంట. కుర్చీలోంచి స్టూలు మీదకి, మళ్లీ తుడుచుకుని కుర్చీలోకి, ఆఫీసుకి వెళ్లేసరికి భుజాలు పీకుతుంటాయి. అందుకని పొద్దున ఒక కుర్రాడు వచ్చి సాయం చేస్తాడు. జీతం నేనిస్తాను, ఎప్పుడు రావాలో, నీళ్లు ఎంత వేడి ఉండాలో నేను చెబుతాను. నా మొదటి ఫిజియోకి ఇది నచ్చలేదు, 'మీరు చేసుకోగలిగి కూడా మానేశారు' అని ముఖం మాడ్చుకునేవాడు. ఆయన టార్గెట్ నా టార్గెట్ కాదు. మీ పెద్దాయన ఒకవేళ చొక్కా ఆయా చేత తొడిగించుకుని ఆ ఓపిక హోటల్ దాకా నడవడానికి దాచుకుంటానంటే మీరేమంటారు? ముద్దలు భార్య చేత తినడం ఆయనకి ఇష్టమేమో కూడా అడగండి. నలభై ఏళ్ల కాపురం, మనకేం తెలుసు.

కార్డు సంగతి మాట్లాడొచ్చా అన్నారు. తప్పకుండా మాట్లాడండి, కానీ కొడుకుతో కాదు, ముందు పెద్దాయనతో. నా ఏటీఎం పిన్ మా బావ దగ్గర ఏడాది ఉంది. మంచివాడే. కానీ ఇరవై రూపాయల రీఛార్జ్‌కి కూడా అడగాల్సి వస్తే మనిషి మంచంలో ఇంకా కిందికి దిగిపోతాడు. ఈపీఎఫ్ పెన్షన్ వస్తుంటే ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి కూడా చేయొచ్చు. ఆ పని ఆయన ఫోన్లో ఆయన చేత చేయించండి, ఫోను తిరిగి ఆయన చేతికి రావడానికి అంతకన్నా మర్యాదైన సాకు దొరకదు.

యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే గుర్తింపు కార్డు) కూడా అడగండి, క్యాంపులో డాక్టర్లకి చూపించుకోవాలి, వైకల్యం 40 శాతం లేదా ఆపైన ఉంటే చాలా వాటికి పనికొస్తుంది. అక్కడ కూడా డాక్టర్ కుర్చీ తోసేవాడినే 'ఏమైంది ఈయనకి' అని అడుగుతాడు, అది వేరే విషయం.

నైట్‌డ్యూటీ సిస్టర్:

పైన ఆ సిస్టర్ కథ చదివి కళ్లు తడిశాయి. నేను గవర్నమెంటు ఆసుపత్రిలో చేస్తాను, షుగర్ వార్డు. మా దగ్గర ఇంటివాళ్లు అతిగా చేయరు, అసలు ఎవరూ రారు. అదో రకం సమస్య.

నాకు ఒకే ఒక్క పద్ధతి పనిచేసింది. 'అర్థమైందా అమ్మా?' అని అడగడం మానేశాను. అర్థమైందా అంటే అందరూ అయింది అంటారు, మాకు జడిసి. ఇప్పుడు 'నేను సరిగ్గా చెప్పానో లేదో చూస్తా, ఓసారి నాకు చేసి చూపించు' అంటాను. కూరగాయలు అమ్మే ఆమె ఒకామె, చదువు లేదు. ఇన్సులిన్ సీసా మిల్లీలీటరుకి 40 యూనిట్లది, సిరంజి ఎర్ర మూతది ఉండాలి. చేసి చూపించమంటే సంచిలోంచి నారింజ మూత సిరంజి తీసింది, అది మిల్లీలీటరుకి 100 యూనిట్ల మందుకి వాడేది. దాన్లో అదే గీత దాకా లాగితే మందు సగం కన్నా తక్కువే పడుతుంది, ఆర్నెల్లుగా షుగర్ ఎందుకు దిగట్లేదో అప్పుడు తెలిసింది. అందరం ఆమెనే తిట్టాం, తిండి కట్టడి లేదని. ఎర్ర మూత, ఎర్ర మూత అని నాలుగుసార్లు అనిపించాను, గీత దగ్గర నెయిల్ పాలిష్ చుక్క పెట్టాను. ఆమెకి లెక్కలు రావనుకున్నాం, తక్కెడ పట్టి బతికే మనిషికి గీత చూడటం రాదా. ఇంట్లో ఫ్రిజ్ లేదంటే కుండ లోపల కుండ పెట్టి మధ్యలో తడి ఇసుక పోయమన్నాను. మర్నాడే పెట్టేసింది.

ఫిజియో బాబూ, అమ్మగారికి కూడా అదే చేయండి. చెప్పకండి, ఆమె చేత చేయించండి. ఆయన్ని లేపడం ఎలాగో ఆమె మీకు చూపించాలి.

ఉప్పల్ ఫిజియో:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, చాలామంది మెసేజ్ పెట్టి అడిగారు.

స్టేజీల పేర్లు పనిచేశాయి అక్కా. 'నారాయణగూడ' అన్నాను, ఒక్క క్షణం ఆగి 'చిక్కడపల్లి, క్రాస్ రోడ్స్, ముషీరాబాద్' అని గడగడా వచ్చేశాయి. అమ్మగారు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి నిలబడిపోయారు. ఇప్పుడు నడిచేటప్పుడు గడప దగ్గర ఆయనే 'హోల్డాన్' అంటారు, దాటాక 'రైట్ రైట్'. ఫోటోలు చూపించి అడిగాను కూడా. హోటల్ ఫోటో మీద వేలు పెట్టారు, ఊహించిందే. తిండి ఫోటో చూపిస్తే అమ్మగారి వైపు చూపించారు. చక్రాల కుర్చీ అన్నా, నువ్వన్నదే నిజం. పొద్దున టిఫిన్ తనే స్పూనుతో, రాత్రి అన్నం ఆమె చేత్తో. నేనింక ఆ విషయం ఎత్తను.

చొక్కా ఆయానే తొడుగుతోంది. పట్టుబట్టాలనుకున్నాను, వదిలేశాను.

కొడుకుతో గొడవ పూర్తిగా తీరలేదు. డాక్టర్ సార్ చెప్పినట్టు చీటీ రాసిస్తే ఆసుపత్రిలో ఇవ్వడానికి మొహమాటపడ్డాడు, పెద్దాయనే జేబులోంచి తీసి డాక్టర్ టేబుల్ మీద పెట్టారట. ఫోను వచ్చింది, కార్డు ఇంకా రాలేదు. కానీ నాకిచ్చే డబ్బులు నాన్న చేత ఇప్పించండి అని అడిగితే ఒప్పుకున్నాడు, పాత తోలు సంచిలో చిల్లర, నోట్లు వేసి ఇచ్చాడు. అది ఆయన డ్యూటీ సంచే, అటక మీంచి దింపారు. నాణేలు రోజూ కుడి చేత్తో బయటికి తీయిస్తున్నాను, బొటనవేలు, చూపుడువేలు కొద్దిగా కలుస్తున్నాయి.

హోటల్‌కి రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి సగం దాకా వెళ్లి, నీళ్ల ట్యాంకర్ అడ్డం వస్తే తిరిగొచ్చేశాం. రెండోసారి కూర్చుని టీ తాగారు, సాసర్లో కొంచెం ఒలికింది, ఎవరూ చూడలేదు, చూసినా ఆయన పట్టించుకోలేదు.

నిన్న నా ఫీజు 550. సంచి తెరిచి ఐదు వందల నోటు తీశారు, యాభై కోసం వెతికారు, నాలుగైదు నిమిషాలు. అమ్మగారు లోపలికి వెళ్లబోయి ఆగి, చేతులు కొంగులో చుట్టుకుని నిలబడ్డారు. సంచిలో లేదు. పెద్దాయన నా నోట్‌బుక్కు లాక్కుని, చివరి పేజీలో ముక్క చింపి, పెన్ను ఎడమ చేత్తో పట్టుకుని వంకరగా 50 అని రాసి నా చేతిలో పెట్టారు. 'దిగే... దిగేటప్పుడు' అన్నారు.

చీటీ బ్యాగులోనే ఉంది. యాభై ఇంకా రాలేదు. అక్కా, బాత్రూమ్‌లో గోడకి పట్టుకునే రాడ్ బిగించాలి, ఆయనకి కుడి వైపు బలం లేదు కదా, కూర్చున్నాక ఎడమ వైపు గోడకే పెట్టించాలా, లేక ఎదురుగా కూడా ఒకటి కావాలా? ప్లంబర్ ఆదివారం వస్తానన్నాడు.